మన ఊరి ఆవిరి ఇంజనీరు – సర్ చార్లెస్ పార్సన్స్ (1854–1931)

మన తెలుగు బడి పిల్లల్లో డిస్కవరీ మ్యూజియం చూడనివాళ్ళు బహుశా ఎవరూ ఉండరు. లోపలికి అడుగుపెట్టగానే కనిపించే ఆ సన్నటి పొడవాటి ఓడ పేరు టర్బినియా. పొడవు 103 అడుగులు, వెడల్పు 9 అడుగులే. దాని పక్కన ఫోటో దిగి, పై అంతస్తులో ఆటలకి పరుగెత్తడం మామూలే. ఆ ఓడని చేసినాయన గురించి మన పిల్లలకి నాలుగు ముక్కలు తెలిస్తే బాగుంటుందని ఈ వ్యాసం రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. నేను ఉద్యోగంలో రోజూ చేసే పనికి, అంటే యంత్రాలు తయారుకాకముందే కంప్యూటర్లో వాటిని వేడిచేసి, వంచి చూసే పనికి, ఆయన జీవితంతో చాలా దగ్గర సంబంధం ఉంది. అదేమిటో ముందుకు వెళ్తున్నకొద్దీ చెప్తాను.

పార్సన్స్ 1854 జూన్ 13న లండన్‌లో పుట్టారు. పెరిగింది మాత్రం ఐర్లండ్‌లోని బర్ అనే ఊళ్ళో, సొంత కోటలో. తండ్రి రాస్ ప్రభువు గొప్ప ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1845లో ఆయన కట్టిన 72 అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపు 1917 దాకా ప్రపంచంలోకెల్లా పెద్దది. ఆ అద్దం గాజుది కాదు. రాగి, తగరం కలిపి పోత పోసిన లోహం. దాదాపు మన కంచు లాంటిదే, తగరం పాళ్ళు ఎక్కువ. పోత పోయడం ఒక ఎత్తు, చల్లార్చడం ఒక ఎత్తు. తొందరగా చల్లారితే పెళుసుగా ఉండి పగిలిపోతుంది. అందుకని ప్రత్యేకంగా కట్టిన పొయ్యిలో పెట్టి వారాల తరబడి మెల్లమెల్లగా చల్లార్చేవారు. చార్లెస్ పుట్టేనాటికే ఆ అద్దం తయారైపోయింది. కానీ ఆ కొలిములు, ఆ పనిముట్లు, ఆ పనివాళ్ళ మధ్యే ఆయన ఆడుకున్నారు. బడికి వెళ్ళలేదు. ఇంటికే టీచర్లు వచ్చేవారు. తండ్రి పోయేనాటికి ఆయనకి పదమూడేళ్ళు.

తర్వాత డబ్లిన్ ట్రినిటీ కాలేజీ, ఆ పైన కేంబ్రిడ్జి. 1877లో గణితం పరీక్షలో 11వ స్థానం వచ్చింది. అంత చదువు చదివిన ప్రభువుగారి అబ్బాయి ఆ వెంటనే చేసిన పనేమిటో తెలుసా? మన న్యూకాసిల్‌కి వచ్చి, ఎల్స్‌విక్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరారు. నాలుగేళ్ళు చేతులకి గ్రీజు పూసుకున్నారు. మన ఇళ్ళల్లో ర్యాంకు వచ్చిన పిల్లవాడు లేత్ మిషన్ దగ్గర నిలబడతానంటే ఏమంటామో ఒక్కసారి ఊహించుకోండి!

ఆ తర్వాత లీడ్స్‌లో ఒక కంపెనీలో చేరి రాకెట్ టార్పీడోల మీద ప్రయోగాలు చేశారు. 1883లో పెళ్ళయింది. కొత్త పెళ్ళికూతురు కేథరిన్‌ని పొద్దున్నే చలిలో చెరువు గట్టున నిలబెట్టి టార్పీడోలు పరీక్షించేవారనీ, పాపం ఆవిడకి జబ్బు చేసిందనీ చెప్తారు. 1884లో మళ్ళీ టైన్ ఒడ్డుకి, ఈసారి గేట్స్‌హెడ్‌లో క్లార్క్ చాప్‌మన్ కంపెనీకి, ఎలక్ట్రికల్ విభాగం చూసే భాగస్వామిగా వచ్చారు. ఆ సంవత్సరమే ఏప్రిల్ 23న టర్బైన్‌కి పేటెంటు తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై కూడా నిండలేదు.

అప్పటిదాకా ఆవిరి యంత్రమంటే ముందుకీ వెనక్కీ కొట్టుకునే పిస్టన్. ఆవిరిని నేరుగా చక్రం మీదకి వదిలి తిప్పాలని చాలామంది అనుకున్నారు. కానీ బాయిలర్‌లోని పీడనమంతా ఒక్కసారిగా వదిలితే ఆవిరి ధ్వని కంటే రెట్టింపు వేగంతో దూసుకొస్తుంది. దాని శక్తి దక్కాలంటే చక్రం అంచు అందులో సగం వేగంతోనన్నా తిరగాలి. ఆ రోజుల్లో ఏ లోహమూ అంత వేగాన్ని తట్టుకోలేదు. పార్సన్స్ ఉపాయం సులువైనదే. కొండ మీదనుంచి ఒక్క దూకు దూకకుండా మెట్లు దిగినట్టు, పీడనాన్ని కొంచెం కొంచెంగా ఒక వరస రెక్కల తర్వాత ఇంకో వరసకి పంచారు. అలా చేసినా మొదటి యంత్రం నిమిషానికి 18,000 సార్లు తిరిగింది! ఇచ్చిన కరెంటు ఏడున్నర కిలోవాట్లు, అంటే మన వంటింట్లో రెండు మూడు కెటిల్స్‌కి సరిపడేంత. అది ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియం వారి దగ్గర ఉంది.

ఇక అసలు విషయానికి వస్తాను. టర్బైన్‌లో తిరిగే రెక్కల కొనకీ, చుట్టూ ఉన్న కేసింగ్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది. సందు పెద్దదైతే ఆవిరి పని చేయకుండా పక్కనుంచి జారుకుంటుంది. బొగ్గు దండగ. సందు మరీ చిన్నదైతే రెక్కలు కేసింగ్‌కి రాసుకుంటాయి. అంత వేగంలో రాసుకుంటే వరసలకి వరసలు ఊడిపోతాయి. కాబట్టి మిల్లీమీటర్‌లో కొంత భాగమే సందు ఉంచాలి, అదీ ఎప్పుడూ ఉండాలి. కొలిచేది చల్లగా ఉన్నప్పుడు, నడిచేది వేడిగా ఉన్నప్పుడు. ఇక్కడే ఉంది చిక్కు.

వేడికి ఇనుము సాగుతుందని మన ఊళ్ళో కమ్మరికి ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు. బండిచక్రం కంటే కాస్త చిన్నదిగా ఇనుప పట్టా చేసి, నిప్పుల్లో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తాడు. అది బిగుసుకుని చెక్కని పట్టేస్తుంది. ఎంత చిన్నగా చేయాలో అతని చేతికి తెలుసు. కానీ టర్బైన్‌లో ఒక ముక్క కాదు, ఎన్నో ముక్కలు. లోపల తిరిగే రోటర్ అన్నివైపులా ఆవిరిలో మునిగి త్వరగా వేడెక్కుతుంది. బయటి కేసింగ్ బరువైనది, నెమ్మదిగా వేడెక్కుతుంది. అందుకని యంత్రం మొదలుపెట్టిన కాసేపు రోటర్ సాగిపోతూ ఉంటే కేసింగ్ ఇంకా నిద్ర లేవదు. అప్పుడే సందు మాయమయ్యే ప్రమాదం. ఆపేసినప్పుడు ఇంకో గొడవ. వేడి పైకి చేరి రోటర్ పైభాగం వేడిగా, కిందిభాగం చల్లగా ఉండి, ఇరుసు విల్లులా వంగుతుంది. ఈనాటికీ థర్మల్ పవర్ స్టేషన్లలో టర్బైన్‌ని గంటల తరబడి మెల్లగా వేడిచేసి మొదలుపెట్టడం, ఆపాక కూడా నెమ్మదిగా తిప్పుతూ ఉంచడం అందుకే.

మాకు ఇంజనీరింగ్‌లో డిజైన్ డేటా బుక్ అని ఒకటి ఉండేది. పరీక్ష హాల్లోకి తీసుకెళ్ళనిచ్చేవారు. స్టీలు అనగానే ఒకే ఒక్క అంకె చూసి లెక్క వేసేసేవాళ్ళం. ఎంత సాగుతుంది, ఎంత గట్టిది, వేడిని ఎంత పోనిస్తుంది, అన్నిటికీ తలా ఒక అంకె. మామూలు వేడికి అది చాలు. కానీ కొబ్బరినూనెకి ‘చిక్కదనం ఇంత’ అని ఒక్క అంకె ఇవ్వగలమా? రాజమండ్రిలో సీసాలోంచి జలజలా కారే నూనె న్యూకాసిల్ చలిలో చెంచాతో గీరినా రాదు. స్టీలూ అంతే, కాకపోతే మన కంటికి కనిపించదు. గది వేడిలో ఉన్న గట్టిదనంలో దాదాపు ఐదోవంతు 500 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి పోతుంది. వేడిని పోనిచ్చే గుణం తగ్గుతుంది. ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన ఉష్ణం మాత్రం పెరుగుతుంది. సాగే గుణం కూడా పెరుగుతుంది. ఒక మీటరు స్టీలు కడ్డీని 500 డిగ్రీలు వేడిచేస్తే ఎంత పెరుగుతుందో గది వేడి దగ్గరి అంకెతో లెక్క వేస్తే సుమారు 6 మిల్లీమీటర్లు వస్తుంది. నిజానికి 7 దాకా పెరుగుతుంది. ఆ ఒక్క మిల్లీమీటర్ తేడా మన సందుని మింగేయడానికి చాలు.

అందుకే ఇప్పుడు సిమ్యులేషన్ చేసేటప్పుడు ప్రతి లోహానికీ ఒక అంకె కాకుండా ఒక పట్టిక ఇస్తాం. ఇన్ని డిగ్రీల దగ్గర ఇంత, ఇన్ని డిగ్రీల దగ్గర ఇంత అని. మధ్యలో ఉన్నవాటిని కంప్యూటరే లెక్క కట్టుకుంటుంది. పట్టిక 400 డిగ్రీల దగ్గర ఆగిపోయి యంత్రం 550కి వెళ్ళిందనుకోండి. చాలా ప్రోగ్రాములు నోరు మెదపకుండా చివరి అంకెనే వాడేసుకుంటాయి. జవాబు రంగురంగుల బొమ్మగా అందంగానే వస్తుంది, నిజం మాత్రం కాదు. ఇంకో తికమక ఉంది. సాగే గుణాన్ని రెండు రకాలుగా రాస్తారు. క్రికెట్ చూసేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇన్నింగ్స్ మొదలైనప్పటినుంచి ఓవరుకి సగటున ఎన్ని పరుగులు అన్నది ఒకటి, ఈ ఓవరులో ఎన్ని అన్నది ఇంకొకటి. ఒకదాని పట్టిక ఇంకొకదాని గడిలో పెడితే చివరి స్కోరు తప్పుతుంది. సగటు అన్నప్పుడు ఏ డిగ్రీ నుంచి మొదలుపెట్టి కొలిచారో కూడా చెప్పాలి. కొత్తగా చేరే కుర్రాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే.

పార్సన్స్‌కి ఈ పట్టికలు ఎక్కడివి? ఆ రోజుల్లో చాలా లోహాలకి ఎక్కువ వేడిలో కొలతలే లేవు. కేంబ్రిడ్జిలో గణితం అంత బాగా చదివినా, ఆయన కాగితం మీద పెద్ద పెద్ద లెక్కలు పెట్టుకునే మనిషి కాదు. చిన్న నమూనా చేయడం, నడిపి చూడడం, విరిగితే ఎక్కడ విరిగిందో చూసి మార్చడం, ఇదీ ఆయన పద్ధతి. రెక్కల కొనని పల్చగా చెక్కించారు. ఒకవేళ రాసుకున్నా ఆ పల్చటి అంచు అరిగిపోతుందే తప్ప యంత్రం పాడవదు. ఇది నాకు చాలా నచ్చిన ఉపాయం. లెక్క తప్పుతుందని ముందే ఒప్పుకుని, తప్పినా ప్రమాదం లేకుండా చేశారన్నమాట.

మొదట్లో రెక్కలు ఇత్తడివి. అప్పటి ఆవిరి వేడి 200 డిగ్రీల లోపే కాబట్టి ఇత్తడి తట్టుకుంది. తర్వాత ఆవిరిని ఇంకా వేడిచేస్తే బొగ్గు ఆదా అవుతుందని తెలిసింది. ఇత్తడి మెత్తబడడం మొదలుపెట్టింది, వేరే లోహాలు వెతకాల్సి వచ్చింది. పోత ఇనుము కేసింగులు ఇంకో పేచీ పెట్టాయి. చాలా ఎక్కువ వేడిలో మళ్ళీ మళ్ళీ వేడెక్కి చల్లారితే పోత ఇనుము ‘పెరుగుతుంది’, తిరిగి పాత కొలతకి రాదు. ఇలా వేడి పెరిగినప్పుడల్లా పాత నమ్మకం ఒకటి పోయేది. పార్సన్స్ పోయేనాటికి పెద్ద టర్బైన్లలో ఆవిరి 400 డిగ్రీల ప్రాంతానికి చేరింది. మన రామగుండం, విజయవాడ థర్మల్ స్టేషన్ల లాంటి చోట్ల 535, 540 డిగ్రీలుంటుంది. అంత వేడిలో స్టీలు బరువు మోస్తూ ఉంటే, ఏళ్ళ తరబడి, మనకి తెలియకుండానే మెల్లగా సాగుతుంది కూడా. కాబట్టి పట్టికలో వేడి ఒక్కటే చాలదు, కాలం కూడా రావాలి.

ఆయన కథలోకి మళ్ళీ వద్దాం. 1889లో భాగస్వాములతో పొసగక గేట్స్‌హెడ్ కంపెనీ నుంచి బయటికొచ్చి, హీటన్‌లో సొంత ఫ్యాక్టరీ పెట్టారు. కానీ పేటెంటు పాత కంపెనీ దగ్గరే ఉండిపోయింది. తను కనిపెట్టినదాన్ని తనే వాడుకోలేని పరిస్థితి! అయిదేళ్ళపాటు ఆవిరి మధ్యనుంచి అంచుకి పారే వేరే రకం టర్బైన్లు చేస్తూ గడిపారు. 1894లో గానీ తన పేటెంటు తనకి తిరిగి దక్కలేదు. ఈ మధ్యలోనే, 1890లో, మన ఊళ్ళో ఫోర్త్ బ్యాంక్స్ దగ్గర టర్బైన్లతో నడిచే పవర్ స్టేషన్ వెలిగింది. ప్రజలకి కరెంటు ఇవ్వడానికి టర్బైన్లు వాడిన మొదటి స్టేషన్ అదే. సెంట్రల్ స్టేషన్ వెనకవైపు నడిచి వెళ్తే ఆ వీధి ఇప్పటికీ ఉంది.

పేటెంటు రాగానే ఓడ మీద పడ్డారు. 1894 ఆగస్టులో టర్బినియా నీళ్ళలోకి దిగింది. తీరా చూస్తే ఆశించినంత వేగం లేదు, 20 నాట్లు కూడా రాలేదు. టర్బైన్ బాగానే ఉంది, తప్పు ప్రొపెల్లర్‌ది. అది మరీ వేగంగా తిరిగేసరికి రెక్కల వెనక పీడనం పడిపోయి, చల్లటి సముద్రపు నీళ్ళే మరిగి ఆవిరి బుడగలైపోతున్నాయి. ప్రొపెల్లర్ నీళ్ళని తోయడం మానేసి బుడగల్లో ఊరికే తిరుగుతోంది. నీళ్ళు మరగడానికి వేడే అక్కర్లేదు, పైన పీడనం తగ్గినా చాలు. హిమాలయాల మీద పప్పు ఉడకదని చెప్పుకునేది ఇందుకే.

దీన్ని కంటితో చూడాలి. సముద్రంలో ఓడ కిందకి వెళ్ళి చూడలేం. రెండంగుళాల బొమ్మ ప్రొపెల్లర్ చేసి తొట్టిలో తిప్పితే ఆ వేగానికి చల్లటి నీళ్ళు మరగవు. 20 డిగ్రీల దగ్గర నీళ్ళు మరగాలంటే పీడనం దాదాపు శూన్యం దాకా పడిపోవాలి. పార్సన్స్ ఏం చేశారంటే, తొట్టిలో నీళ్ళని మరగడానికి కాస్త ముందు దాకా వేడిచేశారు. నీటి ఆవిరి పీడనం 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి వెళ్ళేసరికి నలభై రెట్లకి పైగా పెరుగుతుంది. అంటే ఆ వేడినీళ్ళు ఇక మరగడానికి ఒక సాకు కోసం చూస్తుంటాయి. బొమ్మ ప్రొపెల్లర్ తగలగానే బుడగలు! వేడితో మారిపోయే గుణమని టర్బైన్‌లో దేనికైతే భయపడాలో, దాన్నే ఇక్కడ పనిముట్టుగా వాడుకున్నారు. 1895లో నీళ్ళు గుండ్రంగా తిరిగే ఒక చిన్న రాగి గొట్టం చేసి, పైన గాలి తోడేసి, మినుకుమినుకుమనే వెలుగులో ప్రొపెల్లర్ ఆగినట్టు కనిపించేలా చేసి చూశారు. ఈ రకం పరీక్షా గొట్టాల్లో ప్రపంచంలో అదే మొదటిది. ఇవాళ ఓడలు కట్టే దేశాలన్నిటిలో దాని పెద్ద పెద్ద వారసులున్నాయి.

జవాబు దొరికింది. ఒక ఇరుసు తీసేసి మూడు ఇరుసులు పెట్టారు, ఒక్కోదానికి మూడేసి ప్రొపెల్లర్లు. 1897 జూన్ 26న విక్టోరియా రాణి వజ్రోత్సవాలకి స్పిట్‌హెడ్‌లో నౌకాదళమంతా బారులు తీరి ఉంటే, ఆ బారుల మధ్యనుంచి టర్బినియా దూసుకుపోయింది. తరిమిన కాపలా పడవలు అందుకోలేకపోయాయి. దాని వేగం 34 నాట్లు దాటింది. ప్రపంచంలో అప్పటికి అంత వేగం ఇంకే ఓడకీ లేదు.

ఆ తర్వాత అంతా విజయాలే అనుకుంటే పొరపాటు. టర్బైన్లతో కట్టిన మొదటి రెండు యుద్ధనౌకలు వైపర్, కోబ్రా. 1901 ఆగస్టులో వైపర్ రాళ్ళకి కొట్టుకుంది. మరుసటి నెలలోనే కోబ్రా ఉత్తర సముద్రంలో రెండు ముక్కలై మునిగిపోయింది. అరవై మందికి పైగా పోయారు. వాళ్ళలో పార్సన్స్ ఫ్యాక్టరీ నుంచి వెళ్ళినవాళ్ళు చాలామంది. తప్పు టర్బైన్లది కాదు. కానీ టైన్ ఒడ్డున ఆ ఇళ్ళల్లో ఆ మాట ఎవరికి ఓదార్పు? అక్కడితో ఆయన పని ఆగిపోయి ఉండేదే. ఆగలేదు. 1906లో డ్రెడ్‌నాట్ యుద్ధనౌక, 1907లో లూసిటానియా, మన వాల్స్‌ఎండ్‌లో కట్టిన మారిటేనియా, అన్నీ టర్బైన్ల ఓడలే. అట్లాంటిక్ దాటడంలో మారిటేనియా రికార్డు 1929 దాకా ఎవరూ కొట్టలేదు.

ఇంట్లో ఆయన బొమ్మలు చేసేవారు. పిల్లల కోసం చేసిన చిన్న ఆవిరి యంత్రం ఒకటి పచ్చిక మీద పరుగెత్తేదట. 1893లో ఆవిరితో ఎగిరే చిన్న విమానం నమూనా కూడా ఎగరేశారు, రైట్ సోదరులకి పదేళ్ళ ముందు. ఆయన ఒక్కగానొక్క కొడుకు 1918లో యుద్ధంలో చనిపోయాడు. భార్య కేథరిన్, కూతురు రేచల్ 1919లో మహిళా ఇంజనీర్ల సంఘం స్థాపించినవారిలో ఉన్నారు. యుద్ధం అయిపోగానే ఫ్యాక్టరీల్లోంచి ఆడవాళ్ళని ఇంటికి పంపేస్తుంటే వాళ్ళ తరఫున నిలబడిన సంఘం అది. 1925లో పార్సన్స్ గ్రబ్ అనే టెలిస్కోపుల కంపెనీ కొన్నారు. తండ్రి వ్యాపకం చివరికి ఆయన దగ్గరికే వచ్చింది. మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో ఉన్న 15 అంగుళాల టెలిస్కోపు కూడా అంతకుముందు ఆ గ్రబ్ వాళ్ళు చేసినదే.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. టర్బైన్ల పక్కన ఆయనకి ఇంకో పిచ్చి ఉండేది, బొగ్గుని వజ్రం చేయడం. దాదాపు నలభై ఏళ్ళు ప్రయత్నించారు. కర్బనాన్ని వేల వాతావరణాల పీడనంలో నొక్కారు, కరెంటుతో కాల్చారు, తుపాకీ గుండుతో కొట్టి చూశారు. కరిగిన ఇనుములో కర్బనం వేసి చప్పున చల్లార్చి వజ్రాలు చేశానని ఫ్రాన్సులో మొయిసాన్ ప్రకటిస్తే, ఆ ప్రయోగాన్ని మళ్ళీ మళ్ళీ చేశారు. ఒక దశలో చిన్న చిన్న వజ్రాలు వచ్చాయని తనే నమ్మారు, 1918లో రాయల్ సొసైటీలో ఆ ప్రయోగాలన్నీ వివరించారు. కానీ ఆ నలుసుల్ని వదలకుండా పరీక్షిస్తూనే పోయి, చివరికి అవి వజ్రాలు కావనీ, తానూ చేయలేదు, అంతకుముందు చేశామన్నవాళ్ళూ చేయలేదనీ తేల్చారు. ఎంత వేడిలో, ఎంత పీడనంలో కర్బనం వజ్రంగా నిలుస్తుందో చెప్పే పటం అప్పటికి ఎవరి దగ్గరా లేదు. 1950లలో స్వీడన్‌లో, అమెరికాలో నిజంగా వజ్రం చేసినప్పుడు సుమారు లక్ష వాతావరణాల దాకా పీడనం కావలసి వచ్చింది, అదీ కొలిమి వేడిలో చాలాసేపు నిలిపి ఉంచి.

1931 ఫిబ్రవరి 11న వెస్టిండీస్ విహారయాత్రలో, జమైకా రేవులో ఆగిన ఓడలో ఆయన కన్నుమూశారు. నార్తంబర్‌లాండ్‌లోని కర్క్‌వెల్పింగ్‌టన్ చర్చి ఆవరణలో సమాధి ఉంది, మన ఊరినుంచి కారులో ముప్పావుగంట. హీటన్ ఫ్యాక్టరీ చేతులు మారుతూ 1997లో సీమెన్స్ వారికి వెళ్ళింది. టర్బినియా 1994 నుంచి మ్యూజియంలోనే ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు ముందువైపు ఫోటో తీసుకుని వచ్చేయకండి పిల్లలూ. వెనకవైపు వంగి చూడండి, అక్కడే ప్రొపెల్లర్లు ఉంటాయి.